దేవసహాయం మోకాలు

సునంద మొగుడు దేవసహాయం బాప్తిస్మానికి ఒప్పుకున్నాడన్న వార్త వినగానే ఢిల్లీ ద్వారకలోని తెలుగు క్రైస్తవులందరూ ఒకే ప్రశ్న వేశారు. "ఏ దేవసహాయం? మన దేవసహాయమేనా?"

అడగరూ మరి! పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఒక్క ఆదివారం మానలేదు. కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే. పాటలన్నీ చూడకుండా పాడతాడు. ఆరాధన అయ్యాక సమోసాలు పంచుతాడు. అన్నీ అయ్యాక, "నేనింకా ఒడ్డునున్నవాణ్ణేలేబ్బా" అని నవ్వుతాడు. వాళ్ళ సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. మనిషి ఎదిగి, తనంతట తాను నమ్మానని చెప్పి, నీళ్ళలో నిండా మునగాలి. కన్నకూతురు అక్షర కూడా కిందటేడు మునిగింది. తండ్రి ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు సునందకు కూతుర్ని చూసి సంతోషపడాలో, మొగుణ్ణి చూసి ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది.

ఇంత కథకూ కారణం ఒక ప్రశ్న. దేవసహాయానికి పదహారేళ్ళప్పుడు కావలి దగ్గర వాళ్ళ ఊరికి ఒక బోధకుడొచ్చి, గాలివానలో వీధి వీధంతా కప్పులు లేచిపోతే ప్రార్థన చేసిన తన ఇల్లొక్కటీ నిలిచిందని సాక్ష్యం చెప్పాడట. కుర్రవాడు లేచి, "పక్కింటోళ్ళు ప్రార్థన చెయ్యలేదా అయ్యా?" అని అడిగాడు. బోధకుడు గొంతు సవరించుకున్నాడు, తండ్రి చెవి మెలిపెట్టాడు, జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పేవరకూ మునగనని వాడు భీష్మించుకు కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని నెత్తి నెరిసింది, పొట్ట పెరిగింది, ఢిల్లీలో నదుల ప్రవాహం కొలిచే సర్కారీ ఆఫీసులో ఇంజనీరయ్యాడు. ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు.

అలాంటి మనిషి ఆ ఏడు, అంటే రెండువేల ఏడులో, ఈస్టరు ముందు ఒక సాయంత్రం చపాతీ తుంచుతూ, "ఈసారి నేనూ మునుగుతాలే" అన్నాడు. సునంద చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఎందుకండీ, ఏమైందండీ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆలోచిస్తాడు, ఆలోచిస్తే మానేస్తాడు. అందుకని, "ఇంకో చపాతీ వెయ్యనా?" అని మాత్రం అడిగి, వంటింట్లోకి వెళ్ళి పమిటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముహూర్తం జూన్ నెలకు కుదిరింది. కుదిరీ కుదరగానే నీళ్ళు పోయాయి.

ద్వారకకు మెట్రో వచ్చేసింది గాని నీళ్ళు మాత్రం రాలేదు. కుళాయి తిప్పితే ఆయాసపడ్డ ముసలాయనలా గాలి ఊదేది. సర్కారీ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మాత్రం పెళ్ళికి వెళ్ళవలసినవాళ్ళూ, ఇంటర్వ్యూకు వెళ్ళవలసినవాళ్ళూ అందరూ బకెట్లతో పరుగే. "దేశంలో ఏ నదిలో నీళ్ళెన్నో చెప్తారు, మన కుళాయిలో ఎందుకు లేవో చెప్పరేం?" అని సునంద రోజూ మొగుణ్ణి నిలదీసేది.

బాప్తిస్మాలకు ఏటా ఒక స్కూలు వాళ్ళ స్విమ్మింగ్ పూల్ అడిగి తీసుకునేవారు. ఈ ఏడు ఆ పూల్ ఎండబెట్టేశారు. సంఘంలో, తలమీద నీళ్ళు చిలకరిస్తే చాలనే గుంటూరు లూథరన్లు కొందరున్నారు. వాళ్ళు మెల్లగా, "అయ్యగారూ, ఈ ఒక్కసారికీ తలమీద నాలుగు చుక్కలు చిలకరించి కానిచ్చేద్దాం" అన్నారు. అయ్యగారంటే త్యాగరాజుగారు. ఒంగోలు బాప్టిస్టు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాక సంఘాన్ని నడుపుతున్నాడు. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "కూరలో కొత్తిమీర చల్లుతున్నామా?" అన్నాడు. "బాప్తిస్మమంటే మునగడమే. తల వెంట్రుక కూడా పైకి తేలకూడదు."

సునంద వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. వెనక చిన్న పెరడుంది, సందులోకి ఇనప గేటుంది. అక్కడ ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి తొట్టి కట్టాలని, ప్రైవేటు ట్యాంకరొకటి పిలిపించి నింపాలని తీర్మానమైంది. త్యాగరాజుగారు టేపు పట్టుకుని కొలిచి, నడుముదాకా నీళ్ళుండాలని గోడమీద బొగ్గుతో గీత గీశాడు.

బాప్తిస్మానికి ముందు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఆ వారం ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి చెప్పాలి. సునంద ఎప్పుడూ వెనకాడదు. కొంగు తలమీదికి లాక్కుని లేచింది. "ఈ వారం మా కాలనీ మొత్తానికీ ఒకే ఒక్క ట్యాంకరొచ్చిందండీ. దేవుడు దాన్ని సరిగ్గా మా వరస ముందే ఆపాడు. వెనక వరస వాళ్ళకి ఒక్క బకెట్టు కూడా దొరకలేదు. దేవునికి స్తోత్రం!"

హాలంతా ఆమెన్ అంది. పక్కనున్న మొగుడి నోరు మాత్రం కదలలేదు.

ఇంటికి నడుస్తుండగా ఆయన మెల్లగా ఎత్తుకున్నాడు. "వెనక వరసలో పసిబిడ్డలున్నారు సునందా. వాళ్ళమీద ఆయనకేం కోపం?"

"మొదలెట్టారా! ఇన్నేళ్ళు ఆగాను, మీరు ఒక్క వారం ఆగలేరా? తొట్టిలో మునిగి లేచాక ఎన్ని ప్రశ్నలైనా వేసుకోండి."

"సరేలే" అన్నాడాయన. ఆ సరేలేలో పస లేదని సునందకు తెలుసు. ఆ వారమంతా ప్రార్థనలో ఆమె అడిగింది ఒకటే. ప్రభువా, ఈ మనిషి నోరు మూయించు, ఆ తొట్టి నింపించు.

ఆదివారం పొద్దున్నే అక్షర గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి బస్సులు మారి వచ్చింది. సంఘం వాళ్ళు పెరట్లో చాపలు పరుచుకుని పాటలందుకున్నారు. త్యాగరాజుగారు తెల్లచొక్కా తొడుక్కుని తొట్టిచుట్టూ ఇటుకలు తట్టి చూశాడు. తొమ్మిదింటికల్లా ట్యాంకరు సందులోకి వచ్చి హారను కొట్టింది.

అంతే! నాలుగు వరసల్లో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. సర్కారీ ట్యాంకరే అనుకున్నారు పాపం. బకెట్లు, బిందెలు, పెయింటు డబ్బాలు, ఒకాయనైతే ప్రెషర్ కుక్కరు పట్టుకుని, అందరూ వచ్చి గేటు దగ్గర మూగారు. అందరికన్నా ముందు పై ఫ్లాటు ఫూల్‌వతి ఉంది.

ఫూల్‌వతికీ సునందకూ మూడు వేసవుల వైరం. హర్యానా మనిషి, గొంతు పెద్దది, కూలరు అంతకన్నా పెద్దది. ఆ కూలరు నీళ్ళు ధారకట్టి కింద సునంద ఆరేసిన బట్టలమీదే పడతాయి. ఈమె పైకి చూసి తెలుగులో తిడుతుంది. ఆమె కిందికి చూసి హర్యాన్వీలో తిడుతుంది. భాష రాకపోయినా ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమవుతుంది. ఈ వేసవిలో కూలర్లో పోయడానికే నీళ్ళు లేక ఆ గొడవ కాస్త సద్దుమణిగింది.

సునంద గేటు మూసి తాళం వేసి అడ్డంగా నిలబడింది. "యే హమారా హై! సర్కారీ నహీఁ హై! పూజా కే లియే హై!"

ట్యాంకరువాడు గొట్టం గోడమీదుగా తొట్టిలో పడేసి నీళ్ళు వదిలాడు. ఆ చప్పుడు వినగానే బయట గోల పెరిగింది. ఫూల్‌వతి గేటు ఊచల్లోంచి తొంగిచూసింది. తెల్ల లాల్చీ పైజమాలో దేవసహాయం, ముందర నిండుతున్న తొట్టి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "హాయ్ రామ్! ఏక్ ఆద్మీ కే నహానే కో ఇత్నా పానీ?"

"నహానా నహీఁ హై!" అంది సునంద. స్నానం కాకపోతే మరేమిటో హిందీలో చెప్పడానికి మాట దొరకలేదు. చుట్టూ చూసింది. హిందీ బాగా వచ్చిన అక్షర తలవంచుకుంది.

"మేరీ బహూ కా బచ్చా దస్ దిన్ కా హై" అంది ఫూల్‌వతి. ఈసారి గొంతు పెద్దగా లేదు. కోడలు కన్నది పదిరోజుల కిందటే. గుడ్డలు ఉతకడానికి నీళ్ళు లేవు. పైనుంచి ఆ పసివాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది.

నీళ్ళు తొట్టిలో జానెడు ఎత్తుకు వచ్చాయో లేదో, దేవసహాయం వెళ్ళి ట్యాంకరువాడితో, "భయ్యా, థోడా బంద్ కరో" అన్నాడు. నీటి చప్పుడు ఆగిపోయింది. పాటా ఆగిపోయింది.

సునంద గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏంటండీ ఇది? ఇంతదాకా వచ్చి ఇప్పుడా?"

"మునగనని అన్లేదు సునందా." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు మునగమంటే మునుగుతా. ఒట్టు. ఇన్నేళ్ళు నా కోసం ఆగినదానివి, నీ మాట తీసెయ్యను. కాకపోతే ఇన్నాళ్ళూ పక్కింటోళ్ళ సంగతేందని అందరినీ అడిగినోణ్ణి నేను. ఇయ్యాళ ఆ పక్కింటోళ్ళు మన గేటు కాడే ఉండారు. తాళం నీ చేతిలో ఉంది. నువ్వెట్లా చెప్తే అట్లా."

ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. సునందకు ఒళ్ళు మండిపోయింది. విసవిసా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏం ప్రభువా, ఇదేనా నువ్వు చేసేది? ఇరవై రెండేళ్ళు మోకాళ్ళు అరిగేలా అడిగాను. మనిషిని ఒప్పించావు, ట్యాంకరు పంపావు, చివరికి గేటు ముందు ఈ జనాన్ని తెచ్చి నిలబెట్టావా? నీకు వేరే రోజు దొరకలేదా? అసలు నువ్వు వింటున్నావా?

ఆ చివరి మాట తనకు తానే విని ఉలిక్కిపడింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె ఎన్నడూ ఆ మాట అనలేదు. అది మొగుడి మాట. వంటింట్లో ఒంటరిగా నిలబడి తన నోటితో అన్నాక అర్థమైంది, ఆ మనిషి ఇన్నాళ్ళూ ఎంత ఒంటరిగా ఉన్నాడో. ఎదురుగా గట్టుమీద మొన్నటి ట్యాంకరు నీళ్ళతో తన స్టీలు బిందె నిండుగా మూతపెట్టి ఉంది. వెనక వరస వాళ్ళకు ఒక్క బకెట్టు దొరకలేదు, స్తోత్రం అని తాను చెప్పిన సాక్ష్యం చెవిలో మోగింది. సిగ్గేసింది. ట్యాంకరును తమ వరస ముందు ఎవరాపారో ఏమో గాని, ఈ గేటుకు తాళం వేసింది మాత్రం దేవుడు కాదు, తనే. అంతవరకూ ఆమెకు బాగా తెలుసు.

కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి తాళం తీసింది. ఫూల్‌వతి చేతిలో బకెట్టు లాక్కుని ట్యాంకరు గొట్టం కింద పెట్టింది. "ముందు ఈవిడకి నింపు భయ్యా. బచ్చా హై ఘర్ మేఁ."

జనం ఒక్కసారి ఎగబడ్డారు. ప్రెషర్ కుక్కరాయన కిందపడబోయాడు. అప్పుడు మోగింది త్యాగరాజుగారి ఈల. రిటైరయ్యి ఎన్నేళ్ళయినా ఆ గార్డు ఈల ఆయన తాళాల గుత్తికే వేలాడుతుంటుంది. "లైన్! లైన్ మేఁ! పహలే బచ్చేవాలే, ఫిర్ బుజుర్గ్!" ముందు పిల్లలున్నవాళ్ళు, తర్వాత ముసలివాళ్ళు అని ఆయన చెయ్యెత్తేసరికి ఢిల్లీ జనం, క్యూ అంటే ఏమిటో ఎరగని ఢిల్లీ జనం, బుద్ధిగా నిలబడ్డారు. చాపలమీదున్న తెలుగువాళ్ళు లేచి బిందెలు అందించారు. పాట మళ్ళీ ఎవరో ఎత్తుకున్నారు. పంజాబీ ముసలాయనొకడు తాళం కూడా వేశాడు.

ట్యాంకరు ఖాళీ అయింది. వరసలో ఒక్కరు కూడా వట్టి బకెట్టుతో పోలేదు. తొట్టిలో మాత్రం ఆ జానెడు నీళ్ళే మిగిలాయి, బొగ్గు గీత ఎక్కడో పైన ఉంది.

అందరూ త్యాగరాజుగారి వైపు చూశారు. ఆయన తొట్టిని చూశాడు, దేవసహాయం పొట్టను చూశాడు, నిట్టూర్చాడు. "ఇంకోరోజు పెట్టుకుందాం బ్రదర్."

"ఇంకోరోజు వద్దయ్యగారూ" అంది సునంద. "పడుకోబెట్టి ముంచండి."

"పాపా, లేట్ జాఓ నా" అని అక్షర వంత పాడింది. "ఐ విల్ హోల్డ్ యువర్ లెగ్స్."

ముందు ఆయన సాక్ష్యం చెప్పాలి. దేవసహాయం తొట్టిలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నా ప్రశ్నకి జవాబు దొరకలేదు. అబద్ధం చెప్పను. మొన్న చలికాలంలో గుర్గావ్‌లో బిల్డింగు పనికొచ్చిన మల్లేశం అనే పిల్లోడికి కామెర్లొస్తే, త్యాగరాజుగారు ఇంటికి తీసుకొచ్చుకుని, వాడు కక్కిన బట్టలు చేత్తో ఉతికినారు. వాడు మన సంఘం కాదు, మన మతం కూడా కాదు. అడిగితే, 'పక్కనుండేవాడు కదబ్బా' అన్నారు. ఆయన ప్రసంగాలు నాకెప్పుడూ ఎక్కలేదు, కోప్పడద్దండి. ఆ ఉతుకుడు మాత్రం ఎక్కింది. జవాబు దొరికినాక రావాలనుకున్నా ఇన్నాళ్ళు. ప్రశ్నతోనే వస్తే దేవుడు వద్దంటాడా అనిపించి వచ్చినా."

త్యాగరాజుగారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఇరవై నిమిషాలకు తగ్గని ఆయన ప్రార్థన ఆ రోజు రెండు ముక్కల్లో అయిపోయింది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం చెప్పి, ముక్కుమీద చేతిరుమాలు పెట్టి, దేవసహాయాన్ని వెనక్కి వాల్చాడు.

తల మునిగింది. ఛాతీ మునిగింది. పొట్ట తేలింది. పొట్ట నొక్కితే మోకాళ్ళు లేచాయి. అక్షర మోకాళ్ళు నొక్కితే తల లేచింది. చిన్న గిన్నెలో పెద్ద గరిటె పెట్టినట్టయింది వ్యవహారం. పెరట్లో ముందు చిన్నపిల్లలు నవ్వారు, తర్వాత లూథరన్లు నవ్వారు, ఆ తర్వాత గోడెక్కి చూస్తున్న కాలనీ అంతా నవ్వింది. ఎలాగో మెలిపెట్టి, తిప్పి, పొట్ట ముంచి, ఎడమకాలు ముంచారు. కుడి మోకాలు మాత్రం కప్ప వీపులా పైన పొడిగా మిగిలిపోయింది.

"ఆ ఒక్కటీ ఉండిపోయిందే" అన్నాడు త్యాగరాజుగారు. నవ్వడం లేదు. ఆయనకిది నవ్వులాట కాదు, బతుకంతా నమ్మి నిలబడ్డ నియమం. సునంద రెండు చేతులూ జోడించుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. ఆ మోకాలి దగ్గర ఇరవై రెండేళ్ళు ఆగిపోయాయి. ఊపిరి బిగపట్టి నీళ్ళడుగునున్న మొగుడు ఎంతసేపుంటాడు పాపం!

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఫూల్‌వతి వచ్చింది. ఆమెకు జరుగుతున్నదేమిటో ఒక్క ముక్క తెలియదు. తెలిసిందల్లా ఒకటే, అందరికీ నీళ్ళిచ్చిన పెద్దమనిషికి నీళ్ళు చాల్లేదు. "అరే, భాయీసాబ్ కా ఘుట్నా సూఖా రహ్ గయా!" అని, మనవడి కోసం ఇప్పుడే పట్టుకున్న బకెట్టు ఎత్తి, ఆ మోకాలిమీద గబగబా కుమ్మరించేసింది. మోకాలొక్కటే కాదు, గోడ, త్యాగరాజుగారి తెల్లచొక్కా, సునంద పట్టుచీర అన్నీ తడిసిపోయాయి.

త్యాగరాజుగారు ఒక్క క్షణం ఫూల్‌వతిని చూశాడు, మోకాలిని చూశాడు. తాళాల గుత్తి పైకెత్తి, స్టేషన్లో బండి వదిలేటప్పుడు ఊదినట్టు ఈల పొడుగ్గా ఊదాడు. దేవసహాయం బుసకొడుతూ లేచి కూర్చున్నాడు. సునంద అక్కడే, తడిచీరతో, అందరి ముందూ మొగుడి మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది.

తర్వాత తొట్టిలో నీళ్ళేం చెయ్యాలన్న చర్చ వచ్చింది. ఫూల్‌వతి ఖాళీ బకెట్టు చూపించి, "కూలర్ మేఁ డాల్ లూఁ?" అంది. త్యాగరాజుగారు ఆలోచించి ఠీక్ హై అన్నాడు.

మధ్యాహ్నం సంఘం వాళ్ళందరూ వెళ్ళిపోయాక ఇల్లు సద్దుమణిగింది. పైన కూలరు చాలారోజులకు మళ్ళీ గుర్రుమంటోంది. పసివాడి ఏడుపు వినబడటం లేదు, నిద్రపోయినట్టున్నాడు. సునంద పెరట్లోకొచ్చి చూస్తే, తీగమీద ఆరేసిన దేవసహాయం తెల్ల లాల్చీమీద పైనుంచి కూలరు నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి. అలవాటుగా నడుమున చెయ్యి వేసుకుని, తల పైకెత్తి, నోరు తెరిచింది.

"ఏందే?" అన్నాడు వెనకనుంచి దేవసహాయం, తువ్వాలుతో కుడి మోకాలు తుడుచుకుంటూ.

సునంద నోరు మూసుకుంది. "ఏం లేదు. మీ ప్రశ్న పోయిందా?"

"లేదబ్బా. ఉంది."

"ఉండనీండి. అదీ తడిసిందిగా" అని, లాల్చీని అక్కడే వదిలేసి అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.